లేవని తోక

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఒక పెద్ద మద్దిచెట్టు. చెట్టు మీద కొండముచ్చులు, చెట్టు కింద చుక్కల దుప్పులు. పైవాళ్లు దూరం చూడాలి, కిందివాళ్లు వాసన పట్టాలి. ఎవరికి చిరుత జాడ తెలిసినా రెండోవాళ్లకు అరిచి చెప్పాలి. అదీ వాళ్ల కట్టుబాటు.

ఒక ఎండపూట మసిమొగం అనే కొండముచ్చు కాపలాలో కునుకు తీశాడు. చిరుత వచ్చి, పొడలమ్మ అనే దుప్పి పెద్దబిడ్డను ఎత్తుకుపోయింది.

మసిమొగం ఏడుస్తూ వచ్చాడు. "తప్పయిపోయింది చెల్లీ" అన్నాడు. పొడలమ్మ మొహం తిప్పుకుంది. మర్నాడు లేత చిగుళ్లు తుంచి కిందకు వేశాడు. తొక్కుకుంటూ పోయింది. మళ్లీ వస్తే, "నీ గొంతు వింటేనే ఒళ్లు మండుతుంది, పో!" అంది.

ఆ తల్లికి కోపం రాకూడదని నేననను. కడుపుకోత అది. కానీ నెమరువేసే జాతి కదా, గడ్డితోపాటు ఆ రోజునీ నెమరేస్తూ కూర్చుంది. చిన్నబిడ్డ చిట్టిచుక్క వచ్చి "అమ్మా, కాల్లో ముల్లు" అన్నా వినపడేది కాదు.

ఆ చెట్టు దగ్గరే ఉండే నెమలి అవ్వ ఇది చూడలేకపోయింది. "పిల్లా, కాస్త ఊపిరి పీల్చుకో. ఇప్పుడు నీ ముందు ఏముందో చూడు. బిడ్డ ఉంది. నిద్ర మానేసి చిక్కిపోయినవాడు ఆ కొమ్మ మీదున్నాడు" అంది.

"పోయింది నీ బిడ్డ కాదుగా అవ్వా!" అంది పొడలమ్మ.

ఒకరోజు మసిమొగం గొంతు చించుకున్నాడు. "చిరుత! చిరుత!"

పొడలమ్మకు వినపడింది. 'ఇప్పుడు అరుస్తాడా? ఆ రోజు ఏమైంది ఈ గొంతు?' అనుకుంటూ అలాగే నిలబడింది. దుప్పి పిల్లలు తల్లి తోక పైకి లేస్తేనే పరుగెత్తుతాయి. తల్లి తోక లేవలేదు. బిడ్డ కదల్లేదు.

మసిమొగం అది చూశాడు. కొమ్మ వదిలి, చిరుతకూ బిడ్డకూ మధ్యకు దూకేశాడు.

అప్పుడు లేచింది తోక. తల్లీబిడ్డలు వాగు దాటి బతికారు. మసిమొగం మళ్లీ చెట్టెక్కలేదు.

సాయంత్రం పొడలమ్మ తిరిగొచ్చి, ఖాళీ కొమ్మకేసి చూస్తూ నిలబడింది.

"అమ్మా, మామను క్షమించావా?" అంది చిట్టిచుక్క.

"క్షమించాను తల్లీ."

"మామకు తెలుసా?"

"తెలీదమ్మా" అని పొడలమ్మ భోరుమంది.

నీతి: జరిగిన తప్పునే తలుచుకునేవారికి ఎదుట ఉన్న మనిషి కనపడడు. క్షమించదలిస్తే, ఆ మనిషి ఉండగానే క్షమించాలి.