తెర మీద పాఠం, కొండ మీద దర్శనం

బడిలో పెద్ద తెర పెట్టించాక, పాఠాలన్నీ అందులోనే వస్తాయి కనుక వసుంధర టీచరు ఇక రానక్కర్లేదని కరస్పాండెంటు పెద్దిరాజు గారు తేల్చేశారు. పూలమ్మే మా మంగత్త మనవరాలు అర్థం కాకపోయినా నోరు విప్పదు. దానికి ఆ టీచరే దిక్కు. అందుకే అత్త, కాలినడకన కొండకు బయలుదేరుతున్న పెద్దిరాజు గారికి దండ తీసుకెళ్ళింది.

“టీవీలో స్వామి రోజూ కనిపిస్తూనే ఉన్నాడుగా బాబూ, ఇంత ఎండలో కొండెక్కడం ఎందుకు?”

“పిచ్చిదానా, నేను స్వామిని చూస్తే చాలా? స్వామి నన్ను చూడొద్దూ?”

అత్త దండ ఆయన చేతిలో పెట్టింది.

“మా పిల్లదీ అదే బాధ బాబూ. తెరను అది చూస్తుంది. దాని మొహం ఎవరు చూస్తారు?”

ఆయన కొండకు వెళ్ళే ముందు బడికి వెళ్ళి, వసుంధర టీచర్ని పిలిపించి ఆ తెర పక్కనే నిలబెట్టారు.