తాలింపు వాసన వేసిన వైద్యుడు

మామిడితోట పూత మీదుంటే చూసేవాళ్లకి కన్నులపండగ, సింగడికి మాత్రం గండం. సింగడంటే ఆ తోట కాపలా కుక్క. పూత పొడి గాలికి లేచిందంటే చాలు, వాడి కళ్లు ధారలు కడతాయి, ముక్కు బిరడా బిగించినట్టు మూసుకుపోతుంది, ఇక తుమ్ము వెంట తుమ్ము. గట్టిగా తుమ్మినప్పుడు ముందుకాళ్లు రెండూ నేల మీంచి లేచి, మళ్లీ ఎక్కడ దిగుతాయో వాడికే తెలీదు.

ఆ తోటలో అచ్చాయమ్మ అనే ఆవిడ పాక వేసుకుని ఉంటోంది. పాక చూరుకి వెల్లుల్లి కట్టలు వేలాడుతుంటాయి. పక్కనే కోళ్ల గూడు. గూట్లో పుల్లమ్మ అనే పెట్ట. అది అప్పుడే పొదిగి పిల్లల్ని లేపింది. ఇంకా ముంత అని ఒక పిల్లి కూడా ఉంది. దాని తల ఎప్పుడు చూసినా ఏదో ఒక ముంతలో ఉంటుంది కనక ఆ పేరు.

ఒక సాయంత్రం కంచె అవతల నించి తీయగా ఒక గొంతు వినబడింది.

"ఏం తమ్ముడూ, బాగా పట్టేసినట్టుందే?"

"ఎవరది?" అన్నాడు సింగడు. కన్నీళ్లలోంచి ఏదో గోధుమరంగు మసకగా కనబడింది. గాలి పీల్చి వాసన చూశాడు. ఏ వాసనా లేదు.

వచ్చింది నక్క. ఎప్పటిలా పారిపోదామని ఒక కాలు వెనక్కి వేసింది కూడా. కుక్క మొరగలేదు, పైగా మర్యాదగా ఎవరని అడుగుతోంది. నక్క ఆ కాలు మళ్లీ ముందుకి పెట్టింది.

"నేను వైద్యుణ్ణి. తుమ్ముల వైద్యుణ్ణి."

గూట్లోంచి పుల్లమ్మ కేకేసింది. "సింగన్నా, అది నక్క. ఆ తోక చూడు."

"నక్కయితే నక్క వాసన రావాలి కదక్కా. నా ముక్కు చెప్పందే నేను ఎవరి మాటా నమ్మను."

"నీ ముక్కు మూసుకుపోయింది కదరా నాయనా."

"మూసుకుపోయినా అది నా ముక్కు. పుట్టిన దగ్గర్నించి నాకు అబద్ధం చెప్పలేదు." అంటూ ఒక తుమ్ము తుమ్మి, తిరిగి కంచె వైపు వంగాడు. "వైద్యులుగారూ, మందేవైనా ఉందాండీ?"

"మందు దేనికయ్యా, అంతా పథ్యంలోనే ఉంది. నువ్వేం తింటున్నావో చెప్పు."

"అచ్చాయమ్మ మిరియాలేసి వేడి గంజి పోస్తుందండి. మధ్యాహ్నం మజ్జిగన్నం. ఎప్పుడైనా చేపముళ్లు."

"అదీ సంగతి. గంజి తాగితే ముక్కు వదులవుతుంది. వదులైన ముక్కులోంచి తుమ్ము రాక ఏం వస్తుంది? మానెయ్. మజ్జిగన్నం మానెయ్. చేపముళ్ల పేరు కూడా ఎత్తకు. పొద్దున ఒక వేపాకు, సాయంత్రం ఒక వేపాకు."

"మధ్యాహ్నమండీ?"

"మధ్యాహ్నం ఆ వేపాకుల్ని తలుచుకో. ఇంకో మాట. కోడి ఈకలు ఈ జబ్బుకి మహా చెడ్డవి. గూటి దగ్గర పడుకోకు. ఆ చివర గడ్డివాము ఉంది చూడు, అక్కడ పడుకో."

సింగడు తల ఊపాడు. ఇన్నాళ్లకి తన జబ్బుని పట్టించుకున్న మనిషి దొరికాడని వాడి సంతోషం. అది మనిషి కూడా కాదని పాపం ఎవరు చెప్పినా వింటేనా.

మర్నాటి నించి సింగడు గిన్నె ముట్టడం మానేశాడు. అచ్చాయమ్మ గంజి పోసి బతిమాలింది, మొహం తిప్పుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్లగానే ముంత వచ్చి గిన్నెలో తల పెట్టింది.

"నువ్వైనా చెప్పవే, వాణ్ణి తినమని," అంది పుల్లమ్మ.

"చెప్పకూడదక్కా. వైద్యుడిగారిది మంచి హస్తవాసి," అంది పిల్లి, మీసాలకంటిన గంజి నాక్కుంటూ. "పథ్యం చెడితే వాడి ప్రాణానికి నేను పూచీ పడాలి. ఇదా, పారబోస్తే పాపం కదా అని తింటున్నాను. నాకూ ఇష్టమేం కాదు."

వేపాకులతో సింగడి డొక్కలు లోపలికి పోయాయి. తుమ్ములు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. పైగా ఒక్కో తుమ్ముకి కింద కూలబడిపోతున్నాడు. ఆ కుక్క ఇక లేవలేని రోజు తన పిల్లల గతేమిటని పుల్లమ్మకి మేత గొంతు దిగడం లేదు. ఇంతలో దాని పిల్లల్లో ఒకటి కూడా "పిచ్" మని తుమ్మింది. పూత పొడికి కుక్కా, కోడిపిల్లా అని చూసి పట్టే పని లేదు కదా.

సాయంత్రం నక్క వచ్చింది.

"వైద్యులుగారూ," అంది పుల్లమ్మ, మొట్టమొదటిసారి మర్యాదగా. "మా పిల్లదీ తుమ్ముతోంది. వేపాకు పెట్టమంటారా?"

"అయ్యయ్యో, వద్దు చెల్లెమ్మా. పసిదానికి వేపాకేమిటి? నూకలు పెట్టు. చెదపురుగులు పెట్టు. బాగా, ఒళ్లు చేసేలా పెట్టు. తొడల దగ్గర సన్నగా ఉన్నట్టుంది, అక్కడ ఇంకాస్త పట్టాలి."

పుల్లమ్మ ఒక కన్ను మూసి, ఒక కన్నుతో దాన్ని చూసింది. తుమ్ము ఒకటే. కుక్కకేమో లంఖణం, పిల్లలకేమో విందు. ఈ వైద్యం ఎవరి కడుపు కోసమో దానికి తేటగా తెలిసిపోయింది. కానీ సింగడికి చెప్పి లాభం లేదు. వాడికి వాడి ముక్కే చెప్పాలి.

ఆ ముక్కు దేనికి తెరుచుకుంటుందో పుల్లమ్మ ఆ మధ్యాహ్నమే చూసింది. అచ్చాయమ్మ పప్పులో వెల్లుల్లి తాలింపు వేస్తుంటే, గడ్డివాము దగ్గర సొమ్మసిల్లి పడుకున్న సింగడి ముక్కు కొస కదిలింది. కళ్లు తెరవకుండానే "పప్పేనా?" అన్నాడు కూడా.

"మీరొకసారి లోపలికొచ్చి నాడి చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది," అంది పుల్లమ్మ.

నక్క నోట్లో నీళ్లూరాయి. మింగేసి, "అందరి నాడీ చూస్తాను. ఒక్కర్నీ వదలను," అంది.

"కాకపోతే నేను బాలింతని. మా గూట్లో ఒక ఆచారం ఉంది. పసివాళ్లని చూడవచ్చినవాళ్లు వెల్లుల్లి నమిలి, ఒళ్లంతా రాసుకుని రావాలి. దిష్టి తగలదు."

"వెల్లుల్లా? ఎంత?"

"మామూలువాళ్లకైతే ఒక రెబ్బ చాలు. మీలాంటి పెద్ద వైద్యులంటే మరి, మీ గౌరవానికి తగ్గట్టు. చూరుకి కట్టలున్నాయి. అచ్చాయమ్మ నీళ్లకి వెళ్లింది."

నక్క చూరు దగ్గరికి పాక్కుంటూ వెళ్లి ఒక కట్ట లాగింది. మొదటి గడ్డ నమలగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో గడ్డకి చెవులు మండాయి. కానీ ఎదురుగా గూట్లో పసుపు ఉండల్లా పిల్లలు దొర్లుతుంటే ఎలా ఆగుతుంది? కట్టంతా నమిలింది. మిగిలిన పిప్పి కాళ్లకి, వీపుకి, తోకకి పూసుకుంది.

"బాగా అంటిందా చెల్లెమ్మా?" అంది. ఆ మాటతో వచ్చిన వాసనకి గూటి మీద ఈగలు లేచిపోయాయి.

"దివ్యంగా ఉంది. గాలి కూడా గడ్డివాము వైపే ఉంది," అంది పుల్లమ్మ.

నక్కకి గాలి సంగతి పట్టలేదు. గూటి తలుపు మూతితో ఎత్తి తల లోపల పెట్టింది. పుల్లమ్మ పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుని మూలకి నక్కింది. గాలి తిరిగితే అంతే సంగతులు.

అవతల గడ్డివాము దగ్గర సింగడి ముక్కు కొస కదిలింది. ఒక రంధ్రం తెరుచుకుంది. తర్వాత రెండోది. ఎన్నాళ్లో అయింది వాడికి తిండి వాసన ఇంత గట్టిగా తగిలి. లేచాడు. పథ్యం గుర్తొచ్చి ఆగాడు. మళ్లీ వాసనొచ్చింది. ఇక పథ్యం గుర్తు రాలేదు. ముక్కు పట్టుకుని లాక్కెళుతున్నట్టు గూటి దాకా వచ్చాడు.

కన్నీళ్లలోంచి చూస్తే, గూటి బయట వెల్లుల్లి పట్టించిన మాంసం ముక్క ఒకటి బొచ్చుతో సహా ఊగుతోంది.

"బొచ్చు తియ్యకుండా వండారేమిటి?" అనుకుంటూ సింగడు దాన్ని గట్టిగా కొరికాడు.

"అమ్మో, నా తోక," అంది కూర.

కూర మాట్లాడ్డంతో సింగడికి తుమ్మొచ్చింది. మామూలు తుమ్ము కాదు, పూత మొదలైన దగ్గర్నించి లోపల దాచుకున్నదంతా వచ్చింది. నోట్లో తోకతో తుమ్మాడేమో, నక్క గూట్లోంచి ఊడి కంచె మీద పడింది. ఆ తుమ్ముతో ముక్కు పూర్తిగా వదిలింది. వెల్లుల్లి వాసన వెనకనించి అసలు వాసన మెల్లగా, చక్కగా వచ్చింది.

"అక్కా," అన్నాడు సింగడు, నోట్లో మిగిలిన వెంట్రుకలు ఉమ్ముతూ. "ఇది నక్కక్కా."

"అలాగా," అంది పుల్లమ్మ.

వాడు తరిమిన తరుముడికి నక్క దారీ తెన్నూ చూడకుండా తోట వెనక బీడులో, నిండా పూసిన వయ్యారిభామ మొక్కల్లోకి దూరింది. ఆ మొక్కల పూత పొడి మామిడి పూత కంటే పాడుది. కాసేపటికి అక్కణ్ణించి ఒక తుమ్ము వినబడింది. తర్వాత ఇంకొకటి. ఇక ఆగలేదు.

సింగడు వెనక్కొచ్చి గిన్నె దగ్గర కూచున్నాడు. ముంత అప్పటికే తల పెట్టేసింది.

"తప్పుకో," అన్నాడు.

"పథ్యమో?" అంది పిల్లి దీనంగా.

"అది నువ్వు చెయ్యి."

అచ్చాయమ్మ పోసిన మిరియాల గంజి వేడివేడిగా తాగితే ముక్కూ గొంతూ తేలికపడ్డాయి, కాళ్లకి సత్తువొచ్చింది. తుమ్ములంటారా, పూత ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉన్నాయి. పిందె కట్టాక అవే పోయాయి. కాకపోతే కడుపు నిండా తిన్న కుక్క తుమ్మినా నిలబడే తుమ్మింది, గూటి ముందే.

బీడు వైపు నించి తుమ్ము వినబడ్డప్పుడల్లా సింగడు గొంతెత్తి అడిగేవాడు. "వైద్యులుగారూ, వేపాకు పంపమంటారా?"

నీతి: నిన్ను తినొద్దని చెప్పేవాడు తానేం తినాలని చూస్తున్నాడో ముందు కనుక్కో.