చెయ్యెత్తితే ఆగే తేరు

ఏటా తేరు క్షేమంగా ఆగగానే తొలి తాంబూలం వడ్రంగి చెన్నోజుకు దక్కేది. అది చూసి తేరు అధికారి తిప్పరాజుకు కడుపు రగిలిపోయేది. ఈ ఏడు తేరు కదలకముందే రాజుగారి ముందు నిలబడ్డాడు.

"ప్రభూ, నేను చెయ్యెత్తితేనే తేరు ఆగుతుంది. వీడు చేసేదల్లా చక్రం కింద చెక్కముక్క పెట్టడమే. తాంబూలం నాకు రావాలి."

చెన్నోజు చేతులు కట్టుకున్నాడు.

"నిజమే ప్రభూ. అయ్యవారి చెయ్యి ఉండగా నా చెక్క దండగ. ఈసారి కోటవీధి వాలులో ఆయన్నే తేరుకు ఎదురుగా నిలబడి చెయ్యెత్తమనండి."

రాజుగారు సరేనన్నారు.

తిప్పరాజు తనకంటే ఎత్తున్న చక్రాల వంక చూశాడు.

"తాంబూలం వీడికే ఇవ్వండి ప్రభూ," అన్నాడు పళ్ళు నూరుతూ. "కానీ నేను చెయ్యెత్తేదాకా చెక్క పెట్టొద్దని చెప్పండి."