గుడ్లకు కాపలా కాసిన గవిరయ్య

అనగనగా సముద్రం పక్కన ఒక కొండ. ఆ కొండవాలున ఒక చిన్న ఊరు. ఆ ఊరికి సెలవులకని ఒక తెలివితక్కువ కోతి వెళ్లింది. నవ్వకండర్రా పిల్లలూ! ఆ కోతి మీ తాత గవిరయ్యే. అంటే నేనే.

అప్పట్లో నేను రైల్వే స్టేషన్లో ఉండేవాణ్ణి. రైళ్ల కూతలకి తల దిమ్మెక్కిపోయి, నాలుగు రోజులు ప్రశాంతంగా ఉందామని బయల్దేరాను.

ఊరి జీడిమామిడి తోటలో మేక అప్పలకొండమ్మ ఎదురొచ్చింది.

"ఎన్నాళ్లైనా ఉండు బాబూ. కానీ ఒక్క మాట. ఈ పొదలో కౌజుపిట్ట నూకాలు గుడ్లు పొదుగుతోంది. బెదిరితే గూడు వదిలి ఎగిరిపోతుంది. గట్టిగా అరవకు" అంది.

"నేనా? అరవడమా? నేను వచ్చిందే ప్రశాంతత కోసం పిన్నీ!" అన్నాను. ఆ మాట కూడా అరిచే అన్నాను.

మొదటి రోజు సముద్రాన్ని చూసి ఈల వేశాను. అప్పలకొండమ్మ "ష్!" అంది.

రెండో రోజు ఆ నిశ్శబ్దానికి నాకు కునుకు పడితే ఒట్టు. కొండవైపు తిరిగి "ఓయ్!" అన్నాను. కొండవైపు నుంచి "ఓయ్!" అని వినబడింది. ఎవడో నన్ను వెక్కిరిస్తున్నాడనుకుని పొద్దుగూకేదాకా వాడితో పోట్లాడాను.

"అది నీ గొంతే నాయనా. ఇక ఊరుకో" అంది అప్పలకొండమ్మ.

సిగ్గుపడి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. మూడో రోజు చెట్టెక్కి, రైలింజనులా బారుగా కూత వేశాను.

నూకాలు బెదిరి ఎగిరిపోయింది. నేను చూస్తుండగానే కాకులు వాలాయి. ఒకటి గుడ్డు ఎత్తుకుపోయింది.

కిందికి దూకి మిగతా కాకుల్ని తరిమాను. గుడ్ల మీద ఎండాకులు కప్పి, పక్కనే కదలకుండా కూర్చున్నాను. చీమలు కుట్టినా "అబ్బా" అనలేదు. హాయిగా పడుకుందామని వచ్చిన పెద్దమనిషి పరిస్థితి అదీ!

మధ్యాహ్నానికి నూకాలు తిరిగొచ్చింది. ఆకులు తీసి చూసి, "ఆరు ఉండాలే" అంది.

"ఐదే ఉన్నాయమ్మా. నా కూత వల్లే" అన్నాను. ఆ ఊళ్లో నేను మెల్లగా అన్న మొదటి మాట అది.

నూకాలు గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది.

"వెళ్లేటప్పుడు నాకు చెప్పకుండా వెళ్లు నాయనా. నువ్వు చెబితే ఊరంతా వినబడుతుంది" అంది.

చప్పుడు కాకుండా కొండ దిగాను.

నీతి: ప్రశాంతత కోసం ఒకరి ఊరు వెళ్లినప్పుడు, ముందు వాళ్ల ప్రశాంతతను వాళ్లకి ఉండనివ్వాలి.