ఓబుళరెడ్డి కట్ట మీద పుట్ట

ఓబుళరెడ్డికి వచ్చిన కష్టమల్లా ఒక్కటే. చెరువుకట్ట మీది నాగులపుట్టను తవ్వి తీసేయమని జనం వెంటబడ్డారు.

ఆ చెరువు సర్కారుది కాదు, రెడ్డి సొంతం. తాత కట్టించిన మట్టికట్ట. దాని కిందనే కూలిజనం ఇళ్ళు. గట్టివాన పడితే చాలు, కట్ట తెగుతుందేమోనని ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని గుట్టెక్కి కూర్చుంటారు. పుట్ట తవ్వి, ఆ బొక్క నిండా బంకమట్టి కూరి దిమ్మిస కొట్టాలని వాళ్ళ గోడు.

"మా తాతనాటి నుంచి కట్టను కాస్తున్నది నాగయ్య. ఆయన ఇంటి మీద గడ్డపార వేస్తారా?" అని రెడ్డి కస్సుమన్నాడు.

కావలి దేవుడిది, నిద్ర రెడ్డిది. బాగుంది ఏర్పాటు!

చివరికి రెడ్డి తన గురువు సుంకులవ్వ దగ్గరికి పోయాడు. ఆవిడ తిట్టినా దీవెనే అనుకుంటారు ఊళ్ళో.

"అవ్వా, నాగులచవితికి నువ్వే వచ్చి చెప్పు. వీళ్ళ నోళ్ళు మూతపడాల."

"వస్తాలే నాయనా. చెంబెడు పాలు యాడ సాలుతాయి ఆయనకు? పసుపునీళ్ళు కలిపిపెట్టు, బిందెలకు బిందెలు."

గురువు తన పక్షమేనని రెడ్డి ఉబ్బిపోయాడు.

చవితినాడు కట్ట మీద డప్పులు మోగాయి. చెరువు అప్పటికి సగమే నిండింది. రెడ్డి బిందె తర్వాత బిందె పుట్టలోకి వంచాడు. పుట్ట గటగటా తాగేసింది.

"చూసినారా? ఎంత ప్రీతిగా తాగుతున్నాడో!"

"తాగనీలే రెడ్డన్నా," అంది దిగువ ఇళ్ళ చెన్నక్క. "ఆనక మమ్మల్నీ తాగుతాడు."

రెడ్డి ఉరిమి చూసి, అవ్వ కోసం వెనక్కి తిరిగాడు. అవ్వ లేదు. కట్ట దిగువ నుంచి కేక వినబడింది.

"ఒరే ఓబుళూ! రారా, తీర్థం తీసుకుందువు!"

రెడ్డి జారుకుంటూ దిగాడు. కట్ట అడుగున, చెన్నక్క పెరటి పక్కన, గడ్డి సందుల్లోంచి పచ్చగా పసుపునీళ్ళు పారుతున్నాయి. అవ్వ అందులో కాళ్ళు పెట్టుకుని హాయిగా కూర్చుంది. చెన్నక్క మేక ఆ నీళ్ళు తాగి, పసుపు మూతితో రెడ్డిని ఎగాదిగా చూసింది.

రెడ్డి నీళ్ళను చూశాడు. ఆ పక్కనున్న ఇంటి గోడను చూశాడు. కట్టెక్కి, పుట్టకు దండం పెట్టి, గడ్డపార తనే అందుకున్నాడు.

నాలుగు పోట్లు పడ్డాయో లేదో, పుట్టలోంచి పిల్లి అంత పందికొక్కు ఒకటి, ఒళ్ళంతా పసుపుతో, ఎగిరి దూకి జనం కాళ్ళ మధ్యగా పరుగెత్తింది.

"నాగయ్య బో ఒళ్ళు చేసినాడే!" అంది వెనకే కట్టెక్కి వచ్చిన అవ్వ.

డప్పులోళ్ళు కర్రలు వదిలేసి నవ్వారు. రెడ్డి కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆడవాళ్ళు బంకమట్టి తట్టలు ఎత్తుకున్నారు.

నవ్వు తగ్గాక రెడ్డి మెల్లగా అడిగాడు.

"మరి ఇంక కట్టను కాసేదెవరవ్వా?"

 అవ్వ మిగిలిన పసుపునీళ్ళ బిందె ఎత్తి, పుట్టకు పోసినట్టే ఆయన నెత్తిన గుమ్మరించింది.

డప్పులు మళ్ళీ దద్దరిల్లాయి. చెన్నక్క ముందుకొచ్చి, నవ్వాపుకుంటూ రెడ్డికి చేతులు జోడించింది.

"మమ్మల్ని సల్లంగా సూడు సామీ!"