నెమలి గుర్తు ఎవరిది?

పూర్వం ఒక సంస్థానంలో కోటిలింగం అనే వడ్రంగి సరుకులకు చెక్క అచ్చులతో గుర్తులు వేసే కొట్టు పెట్టాడు. అలాంటి కొట్టు అంతకుముందు ఎక్కడా లేదు. గానుగ సూరమ్మ నూనె కుండలకు అతను వేసిన నెమలిని చూసి జనం కళ్ళు మూసుకుని కొనేవారు. దాంతో వర్తకులంతా అతని గుమ్మానికే వచ్చారు.

రాజుగారి బావమరిది భుజంగరాయుడికి కన్నుకుట్టింది. ఆ సిగ్గులేని మనిషి ఆముదం కలిపిన నూనెకు అదే నెమలి వేసి తన కొట్లో అమ్మాడు. పైగా సభకెక్కి, "నెమలి నాది. ఈ వడ్రంగి దొంగ. కొట్టు మూయించండి బావగారూ!" అన్నాడు. రాజు విచారణైనా లేకుండా తల ఊపాడు.

కోటిలింగానికి ఒళ్ళు మండింది. "చిత్తం ప్రభూ, నెమలి అయ్యగారిదేనని చాటింపు వేయించండి. నెమలి నూనెలో వేసిన గారెలు తిని ఊరంతా చెంబులు పట్టుకుని పరుగెడుతోంది. ఎవరిని తన్నాలో తెలియక జనం కోట వాకిట్లో కూర్చున్నారు."

భుజంగరాయుడు అదిరిపడ్డాడు. "నాది కాదు! ఆ నెమలి సూరమ్మది!"

"మరి సూరమ్మ నెమలి తమరి కొట్లో కుండల మీదికి ఎలా ఎగిరొచ్చింది బాబూ?"

రాజు జవాబు కోసం ఆగలేదు. పొట్ట పట్టుకుని లేచి, "వడ్రంగి కొట్టు ఉంటుంది. నువ్వే ఊరు విడిచి పోరా!" అని బావమరిది మీద అరిచి పెరట్లోకి పరుగెత్తాడు. ఆ పొద్దున అంతఃపురంలోనూ గారెలే. తమ కడుపుదాకా వస్తే గాని దొరలకు న్యాయం తోచదు.