ఎడమవైపు పిల్లర్

రహంతుల్లా మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. కారు పాలిష్‌కి వస్తే, మిషన్ ముట్టుకోకముందే, గుప్పిట్లో ఇమిడే మీటరు ఒకటి పట్టుకుని బండి చుట్టూ తిరిగేవాడు. దాన్ని రేకుకు ఆనిస్తే పైనున్న రంగు మందం ఎంతో అంకె చూపిస్తుంది. తలుపులు, బానెట్, టాపు, డిక్కీ, దేన్నీ వదిలేవాడు కాదు. ఆ తరవాత బండి దగ్గర ఉన్నవాళ్లందరినీ పిలిచి, వాళ్లు అడిగినా అడగకపోయినా, ఏ చోట ఎంత ఉందో చదివి వినిపించేవాడు.

రాజమండ్రిలో మోరంపూడి దాటాక ఆయన షెడ్డు. అక్కడ పని నేర్చుకుంటున్న దొరబాబు చిన్నవాడేమీ కాదు. పద్నాలుగేళ్లు ఇళ్లలో మొజాయిక్ గచ్చులకు పాలిష్ పట్టి, ఆ పని తగ్గిపోయాక, ముప్పై ఎనిమిదో ఏట ఇటు వచ్చాడు. మీటరు ఎందుకో త్వరగానే గ్రహించాడు. పాలిష్ అంటే రంగు మీద కొత్తగా ఏదో పూయడం కాదు, ఉన్నదాన్ని కాస్త అరగదీయడం. ఎంత ఉందో తెలియకుండా అరగదీస్తే రేకు బయటపడుతుంది. అంతవరకు అతనికి పేచీ లేదు. కానీ అంకె మరీ ఎక్కువ వచ్చిందంటే, అక్కడ ఎప్పుడో దెబ్బ తగిలి, పుట్టీ పెట్టి, మళ్లీ రంగు కొట్టారని అర్థం. ఆ సంగతి పనిగట్టుకుని బయటపెట్టడమే అతనికి మింగుడు పడలేదు.

ఒక వర్షాకాలం మధ్యాహ్నం, పాత కార్లు అమ్మే బ్రోకరు ఒకడు బండితోపాటు కొనేవాళ్లను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. మేస్త్రి వాళ్ల ముందే అంకెలు చదివాడు. బేరం చెడిపోయింది. బ్రోకరు బండి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ నెలలో అలా పోయిన బండ్లలో అది మూడోది. షెడ్డులో మిషన్లు ఊరికే పడి ఉన్నాయి. దొరబాబు ఉండబట్టలేక అడిగాడు.

“మేస్త్రిగారూ, వాళ్లు మనల్ని మెరుపు తెమ్మన్నారు. అంకె అడగలేదు. మనమెందుకు చెప్పాలండీ?”

మేస్త్రి కోప్పడలేదు, నచ్చజెప్పనూ లేదు. ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, పదకొండేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాడు.

అప్పుడాయన మీటరు కొత్తగా కొన్నాడు. ఒక బ్రోకరు తెల్ల కారు తెచ్చి, రెండు రోజుల్లో అద్దంలా చెయ్యమన్నాడు. మేస్త్రి కొత్త వస్తువు మోజులో బండంతా కొలిచాడు. అన్ని చోట్లా నూట పది, నూట ఇరవై. ఎడమవైపు రెండు తలుపుల మధ్య ఉండే పిల్లర్ మీద మాత్రం వెయ్యి దాటింది. కాస్త కిందికి జరిపితే మీటరు అంకె చూపడమే మానేసింది. అది పక్కనుంచి వచ్చే దెబ్బను ఆపవలసిన ఇనుము. ఎప్పుడో నలిగిపోతే, దాన్ని మార్చకుండా ఎలాగో అతికించి పైన పుట్టీ మెత్తారు. బ్రోకరుకు చెబితే, మీ పని మీరు చూసుకోండి మేస్త్రీ అని నవ్వాడు. మేస్త్రి తన పని తాను చూసుకున్నాడు. అతుకు తెలియకుండా ఉండడానికి, మిగతా బండి కన్నా ఆ పిల్లర్ మీదే ఎక్కువసేపు కష్టపడ్డాడు.

ఆ బండి కొన్నామె పేరు ఎస్తేరు రాణి. నర్సు. భర్త ఆనందరావుకు మోకాళ్లు పోయి స్కూటరు ఎక్కలేకపోతే, అతని కోసమే నలభై ఏళ్లు దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది. బండి తీసుకునే రోజు, బ్రోకరు ఫోను మాట్లాడుతూ రోడ్డు మీదికి వెళ్లిన సమయం చూసి, ఆమె మేస్త్రి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. మీరు చేత్తో అంతా తడిమి చూసినవారు కదా, బండి మంచిదేనా అని. మీటరు ఆయన చొక్కా జేబులోనే ఉంది.

“రంగు బాగా తేలిందమ్మా” అన్నాడు మేస్త్రి.

ఆమె దాన్ని ఔనన్న మాటగానే తీసుకుంది. తలూపి, భర్తను జాగ్రత్తగా ముందు సీట్లో, ఎడమవైపు కూర్చోబెట్టుకుని వెళ్లింది.

అయిదు నెలలకు, రావులపాలెం వైపు పోతుంటే, పక్క రోడ్డులోంచి వచ్చిన ఇసుక ట్రాక్టరు వాళ్ల బండిని ఎడమవైపు గుద్దింది. పెద్ద వేగం కూడా కాదు. ఆమెకు మణికట్టు విరిగింది. ఆనందరావు అక్కడికక్కడే పోయాడు. నుజ్జయిన కారును మేస్త్రి షెడ్డు వెనక, సొట్టలు తీసే డెంటింగ్ షెడ్డుకే తెచ్చి పడేశారు. ఆయన వెళ్లి చూశాడు. పిల్లర్ లోపలికి మడతపడిపోయి ఉంది. పుట్టీ పెచ్చులుగా ఊడి, నెత్తురు నల్లగా ఎండిన సీటు మీద పడి ఉంది. ఒక పెచ్చు తీసి చూశాడు. ఒకవైపు, పుట్టీ నిలవడానికి లోపల పెట్టిన ఇనప జాలీ ముక్క తుప్పు పట్టి అంటుకుని ఉంది. రెండోవైపు ఆయన పట్టిన పాలిష్ చెక్కుచెదరలేదు. గట్టి పిల్లర్ ఉంటే మనిషి బతికేవాడా అని డెంటింగ్ పనివాణ్ని అడిగాడు. చెప్పలేనన్నాడు వాడు.

మూడోనాడు ఆమె ఇంటికి వెళ్లాడు. వాకిట్లో వేసిన కుర్చీలు ఇంకా తీయలేదు. కట్టు కట్టిన చేత్తో ఆమె బయటికి వచ్చింది. మేస్త్రి నిలబడే అంతా చెప్పాడు. అంకె సంగతి, బ్రోకరు అన్న మాట, తాను దాచినది. తిడుతుందనుకున్నాడు. తిట్లు తినాలనే వెళ్లాడు. ఆమె చివరిదాకా విన్నది.

“నేను మిమ్మల్ని అడిగానండి” అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మేస్త్రి సాయంత్రం దాకా మెట్ల దగ్గరే ఉన్నాడు. తలుపు తెరుచుకోలేదు. మర్నాడు పోలీసులకు కూడా చెప్పాడు. తాను కొన్నప్పుడే బండి అలా ఉందన్నాడు బ్రోకరు. అంతటితో ఆగిపోయింది.

చెప్పడం అయ్యేసరికి బయట వాన జోరందుకుంది. దొరబాబు, ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఆవిడ ఆ బండి కొనేది కాదంటారా అని అడిగాడు.

“కొనేదేమో” అన్నాడు మేస్త్రి. “అప్పుడది ఆవిడ తెలిసి కొన్న బండి అయ్యేది.”